దుర్యోధనుడి కిరీటంతో కుప్పం నుంచి మదనపల్లెకు

ఈ ప్రయాణం నేను సరదాపడి చేసింది కాదు. మా చిన్నాయన మునెప్ప ఫోన్లో ఎవరికో మాట ఇచ్చేశాడు. ఆ మాట వెనక ఏముందో తేల్చుకుందామని ఆయన వెంట బయల్దేరాను. చిన్నాయనకు అరవై ఎనిమిదేళ్లు. కుప్పానికి దగ్గరే, గుడుపల్లె వైపు పల్లెలో ఉంటాడు. వయసులో ఉన్నప్పుడు పగలు కూలిపని, ఎండాకాలం వస్తే వీధినాటకం. మా వైపు ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లలో భారతం పెడితే దుర్యోధనుడి వేషం ఆయనదే. ఇరవై ఏళ్లకు పైగా చుట్టుపక్కల ఆ వేషానికి ఇంకొకరిని పిలవలేదు. ఇప్పుడు ఆయన దగ్గర మిగిలింది ఒక్క కిరీటం. తేలికపాటి చెక్కను చెక్కి, పైన బంగారు రంగు కాగితం అంటించి, వరసలు వరసలుగా అద్దం ముక్కలు పొదిగిన కిరీటం. ఆయనకు ఆట నేర్పిన గురువు తలమీద నుంచి ఆయన తలమీదికి వచ్చింది. దాన్ని రేకు పెట్టెలో, పాత పంచె చుట్టి దాచుకున్నాడు.

ఫోన్ చేసినావిడ పేరు ప్రమీల. మదనపల్లెలో డ్రాయింగ్ టీచరుగా చేసి మానేసిందట. నేతపని వాళ్లుండే పేటలో మూతపడిన ఒక మగ్గాల షెడ్డును బాగుచేసుకుని, వీధిలో వాళ్లందరికీ బొమ్మలు వేయడం, మట్టిపని, కోలాటం లాంటివి నేర్పిస్తోందట. ఆదివారం నాటక కిరీటాలు చేయడం మీద వర్క్‌షాప్ ఉందనీ, చిన్నాయన వచ్చి నేర్పించాలనీ, ఆ పాత కిరీటం కూడా తెస్తే అందరూ చూస్తారనీ అడిగింది. దారి ఖర్చులు, భోజనం వాళ్లవే. నేర్చుకునేవాళ్ల దగ్గర రూపాయి తీసుకోరట. చిన్నాయన నాకు ఇదంతా చెబుతున్నంత సేపూ నా చెవి ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. కిరీటం తెమ్మన్నారు.

తొమ్మిదేళ్ల కిందట కూడా ఒకతను ఇలాగే వచ్చాడు. మెడలో కెమెరా, భుజాన సంచి, నాటకాల మీద పరిశోధన చేస్తున్నానన్న మాట. చిన్నాయన భుజకీర్తులు, ఎదకు కట్టుకునే పతకం ఫొటోలు తీసి వారంలో తెచ్చిస్తానని పట్టుకుపోయాడు. మళ్లీ రాలేదు. ఫోన్ చేసినా పలకడం లేదని చిన్నాయన చెప్పాడు. అప్పటి నుంచి కళ అనే మాట ఎవరి నోట వచ్చినా నేను ముందు వాళ్ల చేతులకేసి చూస్తాను. కుప్పంలో ఒక ప్రైవేటు కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. పుస్తకం బయటికి పోవాలంటే సంతకం కావాల్సిందే. మనుషుల విషయంలోనూ నాకు ఆ అలవాటే వచ్చేసింది.

ఆదివారం పొద్దున ఆరూ పదికి కుప్పం బస్టాండులో మదనపల్లె బస్సు ఎక్కాం. వి.కోట, పలమనేరు, పుంగనూరు మీదుగా పోతుంది. మొత్తం మూడున్నర గంటలు అనుకోండి. ఆడవాళ్లు ఆధార్ చూపిస్తే టికెట్టు ఉచితం. చిన్నాయనకు వయసు రాయితీ పోను వంద రూపాయలకు అటూ ఇటూగా అయింది. కండక్టర్ పెట్టెను పైన పెట్టమన్నాడు. నేను ఒళ్లోంచి కదల్చలేదు. లోపల ఏముందని అడిగాడు. చిన్నాయన గర్వంగా చెప్పబోతుంటే, పూజ సామాను అని నేను అడ్డుపడ్డాను. చిన్నాయన ముఖం చిన్నబుచ్చుకుని కిటికీ వైపు తిరిగాడు.

ఈ దారిలో పోవాలనుకునే వాళ్లు ఎడమ వైపు కిటికీ సీటు పట్టుకోండి, పొద్దుటి ఎండ తగలదు. వి.కోట దాటేదాకా మల్బరీ తోటలు, పాల వ్యాన్లు. పలమనేరు నుంచి పుంగనూరు వైపు తిరిగాక కర్రలు పాతి కట్టిన టమాటా తోటలు, మధ్యమధ్యలో రాళ్ల గుట్టలు. గుట్టల మీద మేకలు ఏం తిని బతుకుతాయో ఎన్నిసార్లు చూసినా నాకు అర్థం కాదు. నేను ఇవన్నీ చూస్తున్నానే గానీ మనసు ఫోన్ మీదే ఉంది. ప్రమీల నంబరుకు ముందు రోజే మూడుసార్లు చేసి మూడు రకాలుగా ప్రశ్నలు వేశాను. ఆ షెడ్డు ఎవరిది, డబ్బు ఎవరిస్తున్నారు, కిరీటంతో మీకేం పని. ఆవిడ విసుక్కోకుండా జవాబు చెప్పింది. ఆ విసుక్కోకపోవడం నాకు మరీ అనుమానంగా తోచింది.

బస్సు పలమనేరు బస్టాండులో ఆగినప్పుడు ఆవిడే ఫోన్ చేసింది. పుంగనూరులో తమ కారు ఉంటుందనీ, ఆదివారం బస్సుల్లో రద్దీ ఉంటుంది కాబట్టి అక్కడ దిగి కారులో రమ్మనీ చెప్పింది. ముందు రోజు మూడు ఫోన్లలో ఈ కారు మాట రాలేదు. సగం దారిలో పెట్టెతో సహా మమ్మల్ని దింపి కారెక్కించడం ఎందుకు? చిన్నాయన మాత్రం మర్యాద చేస్తున్నారని సంబరపడ్డాడు.

పుంగనూరులో తొమ్మిది కావస్తుండగా దిగాం. కారు ఎక్కినా ఎక్కకపోయినా ఎలాగూ టిఫిన్ చేయాలి. బస్టాండు ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో ఇద్దరికీ ఇడ్లీ, వడ, టీ కలిపి ఎనభై రూపాయలు. ఊరిబిండి లాగా గట్టిగా రుబ్బిన వేరుశనగ విత్తనాల చట్నీ వేశాడు. దాని కోసమైనా ఒకసారి దిగొచ్చు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దాయనను మదనపల్లెలో ఆ షెడ్డు సంగతి తెలుసా అని అడిగాను. ఆయన బావమరిది ఆ పేటలోనే మగ్గం నేస్తాడట.

"తెలుసు మా. ఆడికి బెంగుళూరు నుంచి ఎవురెవురో వస్తాంటారు, పోతాంటారు. అంతా ఫ్రీ అంటాండారు. ఈ కాలంలో ఫ్రీ అంటే నాకు బయ్యం," అన్నాడు.

నేను చిన్నాయన వైపు చూశాను. ఆయన చట్నీ మళ్లీ వేయించుకుంటున్నాడు.

బయట తెల్ల కారు ఆగి ఉంది. డ్రైవర్ పేరు ఇంతియాజ్, నలభై ఏళ్లుంటాయి. చిన్నాయనకు రెండు చేతులెత్తి దణ్ణం పెట్టి పెట్టె అందుకోబోయాడు. నేను వెనక్కి లాక్కున్నాను. కారు ఎవరిదని అడిగితే తనదేనన్నాడు. షెడ్డులో జీతం ఇస్తారా అంటే లేదన్నాడు. వాళ్లమ్మాయి శనివారాలు అక్కడ బొమ్మలు వేస్తుందట, అందుకని ఇలాంటి పనులకు తను వస్తుంటాడట. ఈ పూట ఎలాగూ పుంగనూరులో చుట్టాల ఇంటికి వచ్చాడు కాబట్టి ప్రమీల మేడం మమ్మల్ని ఎక్కించుకు రమ్మందట. జవాబులన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా నేను నంబరు ప్లేటు ఫొటో తీసి మా ఆయనకు పంపించి, మేము బస్సులోనే వస్తామని చెప్పేశాను.

అతను నొచ్చుకోలేదు. "మీ ఇష్టం మా. బస్సు ఎనకాలే వస్తాను. పెద్దాయన దిగినాక షెడ్డు దాకా నడవాలంటే కష్టం," అన్నాడు.

తొమ్మిదీ నలభైకి మదనపల్లె బస్సు దొరికింది. ముప్పై కిలోమీటర్లు, ఒక గంట. నేను నిలబడే వెళ్లాను. చిన్నాయనకు సీటు ఎవరో ఇచ్చారు గానీ ఆయన నాతో మాట్లాడలేదు. వెనక అద్దంలోంచి చూస్తే తెల్ల కారు కనిపిస్తూనే ఉంది. వెంటాడుతున్నాడని నేను అనుకున్నాను. తోడు వస్తున్నాడని చిన్నాయన అనుకుని ఉంటాడు.

మదనపల్లెలో దిగాక కూడా నేను కారు ఎక్కనివ్వలేదు; బస్టాండు నుంచి ఆ పేటకు షేర్ ఆటోలో మనిషికి ఇరవై రూపాయలు. ప్రధాన రోడ్డు మీద దిగి రెండు సందులు లోపలికి నడవాలి. ఆదివారమైనా ఇళ్లలోంచి మగ్గాల చప్పుడు వస్తూనే ఉంటుంది, అదే గుర్తు. షెడ్డుకు పెద్ద బోర్డేమీ లేదు. గోడ మీద వీధిలోని మనుషుల బొమ్మలు వేసి ఉన్నాయి. పాలావిడ, టైలరు, సైకిల్ రిపేరు చేసేవాడు. లోపల ఎత్తైన రేకుల కప్పు, సిమెంటు నేల, మగ్గాలకు తవ్విన గుంటలు పూడ్చిన గుర్తులు. ఒక గోడకు వారం పట్టిక. శనివారం పిల్లల బొమ్మలు, ఆదివారం పొద్దున పెద్దవాళ్లకు ఏదో ఒక చేతిపని, బుధవారం సాయంత్రం ఆడవాళ్ల కోలాటం. ఆ పట్టిక ఫొటో కూడా తీసుకున్నాను.

పదిహేను మంది దాకా వచ్చి ఉన్నారు. చాలామంది ఆ వీధి ఆడవాళ్లే. ఒక బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు ముగ్గురు కాలేజీ అమ్మాయిలు. ప్రమీలకు యాభై దాటి ఉంటాయి. నూలు చీర, చేతులకు జిగురు మరకలు. చిన్నాయనను చాప మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, నా ముందు ఒక కాగితం పెట్టింది. వచ్చినవాళ్లందరూ సంతకం చేసేదేనని చెప్పింది. ఇంగ్లీషులో ఒకటిన్నర పేజీ. చిన్నాయన పెన్ను తీసుకున్నాడు. ఆయన చేతిలోంచి నేను కాగితం తీసుకున్నాను.

కాలేజీలో రోజూ ఇలాంటి కాగితాలు చూస్తుంటాను కాబట్టి నెమ్మదిగా చదివాను. మొదటి పేజీలో ఏమీ లేదు. రెండో పేజీలో ఐదో అంశం దగ్గర ఆగాను. ఇక్కడ చూపించిన, నేర్పించిన ఏ వస్తువు నమూనానైనా, ఫొటోనైనా సంస్థ భాగస్వాములు ఎప్పుడైనా, ఎక్కడైనా వాడుకోవచ్చునని ఉంది. అడగాల్సిన పని లేదు, పేరు చెప్పాల్సిన పని లేదు. అంటే ఆ కిరీటం లాంటిదాన్ని రేపు ఎవరైనా అచ్చు పోసి అమ్ముకున్నా చిన్నాయన నోరెత్తడానికి ఉండదు.

నేను ఆ వాక్యం తెలుగులో చెప్పి, ఇది ఎవరు రాశారని అడిగాను. ప్రమీల కాగితం తీసుకుని చదివింది. ఆవిడ ముఖంలో రంగు మారడం చూశాను. పట్టుబడ్డ ముఖం అనుకున్నాను. ఈ కార్యక్రమాలకు డబ్బు ఇచ్చేవాళ్లు పంపిన కాగితమనీ, ఎప్పుడూ వచ్చేదే కదా అని తను పూర్తిగా చదవలేదనీ ఆవిడ ఒప్పుకుంది. వెంటనే పెన్నుతో ఆ అంశం మొత్తం కొట్టేసి పక్కన సంతకం పెట్టింది. అప్పటికే సంతకాలు చేసినవాళ్ల కాగితాలు కూడా తెప్పించి వాటిల్లోనూ కొట్టేసింది. నేర్చుకోవడానికి వచ్చిన ఒకావిడ, ఇన్నాళ్లూ మేము చదవకుండానే వేలిముద్ర వేసినట్టు వేస్తున్నామే అంది. నాలో ఒక మూల గెలిచినట్టు ఉంది. నా అనుమానం వట్టిది కాదు.

ఆ గెలుపే నన్ను చెడగొట్టిందని ఇప్పుడు అనిపిస్తుంది.

పదకొండున్నరకు పని మొదలైంది. చిన్నాయన పెట్టె తెరిచి కిరీటం తీసి మధ్యలో పెట్టాడు. పైకప్పులో గాజు పలక లోంచి వచ్చే వెలుతురు అద్దం ముక్కల మీద పడి గోడలంతా చుక్కలు పడ్డాయి. అట్ట మీద కిరీటం ఆకారం ఎలా గీయాలో, అద్దాన్ని అంచు తెగకుండా ఎలా అంటించాలో, చెవుల దగ్గర దూది ఎందుకు పెట్టాలో ఆయన చెప్పుకుంటూ పోయాడు. మా పల్లెలో పది మాటలు వరసగా మాట్లాడని మనిషి. అరగంటలో ఆయన చుట్టూ మూగిపోయారు.

నేను మాత్రం షెడ్డు తరఫున ఫొటోలు తీస్తున్న ఒకతన్నే కనిపెట్టి ఉన్నాను. పేరు కిరణ్, బెంగుళూరు నుంచి వచ్చాడు, ముప్పై లోపు వయసు. కిరీటాన్ని అన్ని పక్కల నుంచీ తీశాడు. తర్వాత వెలుతురు బాగుంటుందని పక్క గదిలోకి తీసుకుపోతానన్నాడు. నేనూ వెంట వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. తిరిగొచ్చి చిన్నాయన పక్కన కూర్చుని, ఒక్క వారం కిరీటాన్ని బెంగుళూరు పంపిస్తే యంత్రంతో కొలతలన్నీ తీయించి భద్రంగా తెచ్చిస్తానన్నాడు. చిన్నాయన సరేననే లోపు నేను పెట్టె మూత వేసేశాను.

సరిగ్గా అప్పుడే ఒకావిడ అమాయకంగా అడిగింది, దుర్యోధనుడికి భుజకీర్తులు కూడా ఉండాలి కదా, అవెక్కడున్నాయని. చిన్నాయన జిగురు డబ్బా మూత తిప్పుతూ కూర్చున్నాడు. నేను చెప్పాను. తొమ్మిదేళ్ల కిందట అచ్చం ఇతనిలాంటి వాడే కెమెరా వేసుకుని వచ్చి, వారంలో తెస్తానని ఎత్తుకుపోయాడని, అతనూ ఇదే మాట చెప్పాడని, అందరికీ వినబడేలా చెప్పాను. కిరణ్ కెమెరా మెడలోంచి తీసి కింద పెట్టాడు. ప్రమీల నావైపు చూసింది.

"సరళమ్మా, ఆయప్ప ఎత్తకపోలే. నేనే ఇచ్చినా," అన్నాడు చిన్నాయన.

నాకు అర్థం కాలేదు. వాపసు తెస్తానని కదా తీసుకుపోయింది అన్నాను.

"తెస్తాననే చెప్పె. నేనే వద్దంటి. రెండు మార్లు ఫోన్ చేసి తెచ్చిస్తానన్నాడు. ఇంగ నాకు ఫోన్ చేయొద్దప్పా, నీతోనే పెట్టుకో అని చెప్పినా."

ఆయన తలెత్తకుండా మిగతాది చెప్పాడు. ఆ మనిషి రావడానికి ముందు, రామసముద్రం పక్కన ఒక పల్లెలో భారతం. అదే ఆయన చివరి ఆట అని మాకు తెలుసు, ఎందుకు చివరిదయిందో తెలియదు. తెర తీశారు. దుర్యోధనుడు తన పేరూ గొప్పా చెప్పుకోవాల్సిన చోటు. వెయ్యిసార్లు చెప్పిన మాటలే. ఒక్కటీ నోటికి రాలేదు. వెనక పాడేవాళ్లు రెండుసార్లు అందించారు. అయినా రాలేదు. ముందు వరసలో పిల్లలు నవ్వారు, తర్వాత పెద్దవాళ్లు నవ్వారు. అర్జున వేషం కట్టినతను ఏదో కల్పించి ఆట నడిపించాడు. ఇంటికొచ్చాక ఆ భుజకీర్తులు కంటపడితే ఆయనకు అన్నం దిగేది కాదట. గురువు ఇచ్చిన కిరీటం ఇవ్వడానికి చేతులు రాలేదు గానీ, మిగతావి మూటగట్టి అడిగినవాడికి ఇచ్చేశాడు.

"యాడికి పోయినాయని మీరంతా అడిగితిరి. మాట పడిపోయిందని చెప్పేదానికి సిగ్గాయె. ఆయప్ప మోసం చేసినాడని అంటి. మీరు నమ్మినారు. ఇంగ ఆ మాట ఎనక్కి తీసుకునేదానికి కాలే."

తొమ్మిదేళ్లు. ఆ మనిషిని నేను తిట్టని పండగ లేదు. మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ అతని పోలికలు చెప్పి జాగ్రత్తపడమన్నాను. ఇదే బ్లాగులో, పల్లెల్లో తిరిగే నాటక సామాను దొంగల గురించి ఒక పెద్ద వ్యాసం రాశాను. మీలో చాలామంది చదివారు, షేర్ చేశారు. అతని పేరు రాయలేదు గానీ, తెలిసినవాళ్లకు తెలిసేటట్టుగానే రాశాను. నాకు కోపం రావాలి. రాలేదు. చిన్నాయన జుట్టులో జిగురు అంటుకుని ఉంది, అదే చూస్తూ కూర్చున్నాను.

ప్రమీల లేచి భోజనాల వేళ అయిందని చెప్పింది. వీధిలోవాళ్లే తలా ఒకటి వండి తెచ్చారు. సంగటి, పచ్చిపులుసు, వంకాయ కూర. చిన్నాయన పక్కన ఇంతియాజ్ కూర్చుని అడిగి అడిగి వడ్డించాడు. నేను కిరణ్ దగ్గరికి వెళ్లి అందరిముందూ అన్న మాటకు తప్పు ఒప్పుకున్నాను. అతను ముభావంగానే తలూపాడు. అందరినీ ఒకే గాటన కట్టడం బాగుండదన్నాడు. నిజమే. అయితే కిరీటం బెంగుళూరు మాత్రం పంపనన్నాను. కావాలంటే ఆ యంత్రమే ఇక్కడికి తెచ్చుకోమన్నాను. అది కుదిరే పనేనన్నాడు. కుదిరే పనయితే ముందే ఎందుకు అనలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

మధ్యాహ్నం చిన్నాయన ఇక నేర్పించడేమో అనుకున్నాను. ఆయనే ముందు లేచాడు. అందరూ అట్ట కిరీటాలకు అద్దాలు అంటించడం పూర్తిచేసేసరికి నాలుగు దాటింది. చేసిన కిరీటం పెట్టుకుని ఎలా నిలబడాలో చూపించమని ఎవరో అడిగారు. మెడ కదపకుండా నడవడం చూపించాడు. తర్వాత ఇద్దరు ఆడవాళ్లను చీర ఒకటి అడ్డంగా పట్టుకోమన్నాడు. తెర అన్నమాట. పాత కిరీటం తనే పెట్టుకుని చీర వెనక నిలబడ్డాడు. వద్దని చెబుదామని లేవబోయాను. ప్రమీల నా మోచేయి పట్టుకుని ఆపింది.

చీర పైనుంచి కిరీటం కొస ఒక్కటే కనిపిస్తోంది. కాలు నేలకేసి కొట్టిన చప్పుడు, తర్వాత గొంతు. ఆ గొంతు నేను చిన్నప్పుడు విన్నది. చీర దించారు. ఆయన నాలుగు వాక్యాలు చెప్పి ఐదో దాని దగ్గర ఆగిపోయాడు. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. ఎవరూ నవ్వలేదు. ఆయన నాకేసి చూడలేదు. ముందు వరసలో కూర్చున్న కాలేజీ అమ్మాయి వైపు తిరిగాడు. అద్దాలు అంటిస్తున్నంత సేపూ ఆయన లోలోపల ఈ మాటలే అనుకుంటుంటే ఆ అమ్మాయి అడిగి నోట్సులో రాసుకుందట.

"యాడ ఉండాను పాపా?" అని అడిగాడు, తోవ అడిగినంత మామూలుగా.

ఆ అమ్మాయి వేలు పెట్టి వెతికి తర్వాతి మాట చదివింది. ఆయన అందుకున్నాడు. ఇంకో రెండు చోట్ల కూడా ఆగి అడిగాడు, ఆమె చదివింది, ఆయన అందుకున్నాడు. చివరికి వచ్చేసరికి వీధిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డ వాళ్లే ఇరవై మంది ఉన్నారు. చప్పట్లు అయ్యాక ఆయన కిరీటం తీసి తుడుచుకుని పంచెలో చుట్టి, పెట్టె తనే మూసుకున్నాడు.

ఐదున్నర బస్సుకు ఇంతియాజ్ కారులోనే బస్టాండుకు వెళ్లాం. ప్రమీల మళ్లీ రమ్మని అడిగింది, నెలకోసారి ఆదివారం. వస్తానన్నాడు. బస్సులో నేను అడగాల్సినవి చాలా ఉన్నాయి, ఒకటీ నోటికి రాలేదు. పుంగనూరు దాటాక ఆయనే అన్నాడు. "వచ్చే నెల నువ్వు రావాల్సిన పన్లేదు సరళమ్మా. నేను పోయొస్తా."

ఇంటికొచ్చాక ఆ పాత వ్యాసం తీసేశాను. దాని చోట నేను రాసింది తప్పని నాలుగు వాక్యాలు పెట్టాను. షేర్ చేసిన వాళ్లందరికీ ఇది చేరదని తెలుసు. ఆ మనిషి ఇప్పుడెక్కడున్నాడో, ఆ వ్యాసం ఎప్పుడైనా అతని కంటపడిందో తెలియదు. చిన్నాయన పాత నోట్‌పుస్తకంలో దొరికిన నంబరు ఇప్పుడు ఇంకెవరిదో. అనుమానించడం తప్పని నేను అనడం లేదు. ఆ ఐదో అంశం నిజంగానే ఉంది, అనుమానం లేకపోతే అది అలాగే ఉండిపోయేది. అయితే తొమ్మిదేళ్ల పాటు దొంగ ఎవరా అని ఆలోచించానే గానీ, ఆట ఎందుకు మానేశావని చిన్నాయనను ఒక్కసారి కూడా అడగలేదు. దొంగ దొరికాడు కదా, ఇంకేం అడగాలి అనుకున్నాను. బయటివాళ్ల చేతులు చూసినంత శ్రద్ధగా ఇంట్లోవాళ్ల ముఖం చూసి ఉంటే, ఆ ప్రశ్న వేయడానికి మదనపల్లె దాకా పోవాల్సిన పని ఉండేది కాదు.

మీరు ఇలాంటి చోటికి ఇంట్లోని పాత వస్తువేదైనా పట్టుకుని వెళ్లేటట్టయితే ఒక్క పని చేయండి. సంతకం పెట్టించుకునే కాగితాన్ని రెండు రోజుల ముందే ఫోన్‌కు పంపమనండి, ఆ వస్తువు ఎవరిదో వాళ్ల పక్కన కూర్చుని తెలుగులో చదివి వినిపించండి. ఒప్పుకోనిది కొట్టేసి ఇరువైపులా సంతకాలు పెట్టించుకుని ఫొటో తీసుకోండి. ఒప్పుకోవాలో వద్దో చెప్పడం మాత్రం ఆ వస్తువు ఎవరిదో వాళ్లకే వదిలేయండి.